డార్క్‌టేబుల్ ఎక్స్‌పోర్ట్ రివ్యూ: రా ఫోటో ఎడిట్ చేశాక ఫైల్ ఓపెన్ అవట్లేదు, రంగు మారిపోయింది అనేవాళ్ల కోసం

పెళ్లిళ్ల సీజన్ మొదలైతే చాలు, తోటి ఫోటోగ్రాఫర్ల నుంచి నాకు వచ్చే ఫోన్లన్నీ ఇంచుమించు ఒకటే గొడవ. "అన్నా ఎడిట్ అంతా అయిపోయింది, ఎక్స్‌పోర్ట్ కూడా కొట్టేశాను, ల్యాబ్ వాళ్లేమో ఫైల్ ఓపెన్ అవట్లేదంటున్నారు" అని ఒకడు, "నా సిస్టమ్‌లో పసుపు పచ్చగానే ఉంది అన్నా, పెళ్లికూతురు వాళ్ల నాన్నగారి ఫోన్‌లో చూస్తే పాలిపోయి కనిపిస్తోంది" అని ఇంకొకడు. అందరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకేసారి రాసి పెడదామని కూర్చున్నా. నేను వాడేది డార్క్‌టేబుల్, రా ఫోటోలు ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్. కాబట్టి ఇది డార్క్‌టేబుల్ రివ్యూనే, కానీ అందులో కూడా ఎక్కువగా ఎక్స్‌పోర్ట్ గురించే రాస్తున్నా, ఎందుకంటే ఎడిటింగ్ మీద వీడియోలు బోలెడు దొరుకుతాయి, ఎడిట్ అయ్యాక ఫైల్ బయటికి తీసేటప్పుడు వచ్చే తంటాల గురించి తెలుగులో సరిగ్గా చెప్పినవాళ్లు నాకైతే కనపడలేదు.

నేను రాజమండ్రి చుట్టుపక్కల పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు తీస్తుంటా. కెమెరా నికాన్ డీ750, అన్నీ రా లోనే (అంటే కెమెరా సెన్సార్ పట్టిన డేటా ఉన్నదున్నట్టు ఉండే ఫైల్), 14 బిట్‌లోనే తీస్తా. నాలుగేళ్ల కిందటి వరకు నెలనెలా డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్ వాడేవాణ్ణి, మంచిదే, దాన్ని ఒక్క మాట అనను. కానీ మన పని సంగతి మీకు తెలుసు కదా, ఆషాఢం వచ్చిందంటే, మూఢం వచ్చిందంటే ఒక్క ముహూర్తం ఉండదు, పైసా రాదు, అయినా నెల తిరిగేసరికి డబ్బు కట్టాల్సిందే. అప్పుడు మారాను. డార్క్‌టేబుల్ పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్, 2009లో మొదలైన ప్రాజెక్ట్. మొదట్లో లినక్స్, మ్యాక్ వాళ్లకే ఉండేది, 2017 డిసెంబర్‌లో వచ్చిన 2.4 వెర్షన్ నుంచి విండోస్‌లో కూడా అధికారికంగా నడుస్తోంది. ట్రయల్ అయిపోవడాలు, ఫోటో మీద వాటర్‌మార్క్ పడటాలు, లాగిన్ అవ్వమనడాలు ఏవీ లేవు.

ముందుగా ఒక మాట బుర్రకెక్కించుకుంటే సగం సమస్యలు అక్కడే పోతాయి. డార్క్‌టేబుల్ మీ రా ఫైల్‌ని అస్సలు ముట్టుకోదు. మీరు ఎంత ఎడిట్ చేసినా ఆ ఎన్ఈఎఫ్ (నికాన్ రా) ఫైల్ కెమెరాలోంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంటుంది. మీరు చేసిన మార్పులన్నీ ఒక జాబితాలాగా దాని డేటాబేస్‌లోనూ, రా ఫైల్ పక్కనే అదే పేరుతో ఉండే చిన్న ఎక్స్ఎంపీ ఫైల్‌లోనూ రాసిపెడుతుంది. వంట చెయ్యకుండా వంట ఎలా చెయ్యాలో చీటీ రాసిపెట్టుకున్నట్టు అన్నమాట. ఎక్స్‌పోర్ట్ కొట్టినప్పుడే అసలు వంట జరుగుతుంది. అందుకే ఎడిట్ చేశాక ఫోల్డర్‌లోకి వెళ్లి రా ఫైల్ మీద డబుల్ క్లిక్ చేసి "నా ఎడిట్ ఏమైపోయింది" అని కంగారు పడక్కర్లేదు, విండోస్ మీకు చూపించేది కెమెరా ఆ రా ఫైల్ లోపల పెట్టిన ప్రివ్యూ. మీ ఎడిట్ ఆ పక్కన ఉన్న ఎక్స్ఎంపీలో క్షేమంగా ఉంది. దయచేసి "ఇదేదో పనికిరాని ఫైల్" అనుకుని దాన్ని మాత్రం డిలీట్ చెయ్యకండి, మా దగ్గర అసిస్టెంట్‌గా చేసిన కుర్రాడు ఒకసారి హార్డ్ డిస్క్‌లో చోటు కోసం ఒక పెళ్లి మొత్తం ఎక్స్ఎంపీలు తీసేశాడు, డేటాబేస్ ఉండబట్టి బతికిపోయాం.

దీనికి తోడు ఎక్స్‌పోర్ట్ మాడ్యూల్‌లో (ఎక్స్‌పోర్ట్ సెట్టింగ్స్ అన్నీ ఉండే ప్యానెల్) ఫార్మాట్ల లిస్ట్ తీస్తే జేపెగ్, టిఫ్, పీఎన్‌జీ, వెబ్‌పీ, ఏవిఫ్ వీటన్నిటితో పాటు కాపీ అని కూడా ఒకటి ఉంటుంది. అది ఎంచుకుంటే ఏమవుతుందంటే ఒరిజినల్ ఫైల్ ఎలా ఉందో అలా ఇంకోచోటికి కాపీ అవుతుంది, అంతే. ఎడిట్ చేసిన ఫోటో రాదు. బ్యాకప్‌కి పనికొచ్చే ఆప్షనే, కానీ పొరపాటున అది సెలెక్ట్ అయి ఉండగా 600 ఫోటోలు ఎక్స్‌పోర్ట్ కొడితే 600 రా ఫైళ్లు వస్తాయి. "ఎక్స్‌పోర్ట్ చేస్తే మళ్లీ ఎన్ఈఎఫ్ వస్తోంది అన్నా" అని ఎవరైనా అంటే నేను మొదట అడిగేది ఇదే, ఫార్మాట్ దగ్గర ఏముందో చదివి చెప్పు అని.

ఇప్పుడు నాకు తగిలిన పెద్ద దెబ్బ చెప్తా, వివరంగా చెప్తా, ఎందుకంటే ఫార్మాట్ అంటే ఏంటో నాకు అర్థమైంది అక్కడే.

డార్క్‌టేబుల్‌కి మారిన కొత్తలో మండపేట దగ్గర ఒక పెళ్లి. తెల్లవారుజామున మూడు దాటాక ముహూర్తం, జీలకర్ర బెల్లం, మధుపర్కాలు, ఆ తెల్ల చీర ఎర్రంచు మీద తలంబ్రాల పసుపు రాలుతున్న ఫోటో ఒకటి చాలా బాగా వచ్చింది. వాళ్లు మంచి ఆల్బమ్ కావాలన్నారు, నేను కూడా ఈసారి క్వాలిటీలో ఏ లోటూ రాకూడదని, 40 ముఖ్యమైన ఫోటోలు టిఫ్‌లో తీశాను. బిట్ డెప్త్ (ఒక్కో రంగుని ఎన్ని మెట్లుగా రాయాలన్నది) దగ్గర 8, 16, 32 అని మూడు ఉన్నాయి. పెద్ద నంబర్ అంటే పెద్ద క్వాలిటీ అనుకుని 32 పెట్టా. ఒక్కో ఫైల్ 290 ఎంబీ వచ్చింది. లెక్క చూడండి, డీ750 ఫోటో 6016 పిక్సెళ్ల వెడల్పు, 4016 ఎత్తు, అంటే 2 కోట్ల 41 లక్షల పైచిలుకు పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కి ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు అంకెలు. 8 బిట్ అయితే పిక్సెల్‌కి 3 బైట్లు, సుమారు 72 ఎంబీ. 16 బిట్ అయితే దానికి రెట్టింపు, 145. 32 బిట్ అయితే ఇంకో రెట్టింపు, 290. నలభై ఫోటోలకి పదకొండున్నర జీబీ. 16 జీబీ పెన్‌డ్రైవ్‌లో వేసి ఆల్బమ్ డిజైనర్‌కి ఇచ్చి వచ్చా.

సాయంత్రం ఫోన్. "అన్నా ఇవేం ఫైళ్లు, ఫోటోషాప్‌లో ఓపెన్ అయితే అవుతున్నాయి గానీ సగం మెనూ పనిచెయ్యట్లేదు, ఫిల్టర్లన్నీ బూడిద రంగులో ఉన్నాయి, సిస్టమ్ ఊగిపోతోంది." 32 బిట్ అంటే ఫ్లోటింగ్ పాయింట్ (దశాంశ అంకెలతో రాసే) ఫైల్, హెచ్‌డీఆర్ పనికి, సినిమా గ్రాఫిక్స్ పనికి వాడేది, ఫోటోషాప్‌లో కూడా చాలా టూల్స్ ఆ మోడ్‌లో పనిచెయ్యవు. నాకు తెలీదు. సరేనని 16 బిట్‌కి మార్చి, ఫైల్ చిన్నదవుతుందని కంప్రెషన్ ఆన్ చేసి మళ్లీ పంపా. ఈసారి డిజైనర్ దగ్గర శుభ్రంగా ఓపెన్ అయ్యాయి. కానీ అందులో పది ఫోటోలు డిజైన్ లేకుండా నేరుగా పెద్ద ప్రింట్లకి వెళ్లాలి, అవి ల్యాబ్‌కి పంపితే అక్కడ ప్రింటింగ్ సాఫ్ట్‌వేర్ ఆ ఫైళ్లని తీసుకోనే లేదు. ల్యాబ్‌లో కుర్రాడు "సార్ ఫైల్ కరప్ట్ అయింది" అన్నాడు. నా దగ్గర బానే ఓపెన్ అవుతోంది, డిజైనర్ దగ్గర బానే ఓపెన్ అవుతోంది, అక్కడ కరప్ట్ ఎలా అవుతుంది? రెండు రోజులు దీని మీదే పోయాయి. అవతల పెళ్లికూతురు నాన్నగారు "బాబూ, అమ్మాయి అత్తారింటికి వెళ్లేలోపు ఒక్క పెద్ద ఫోటో అయినా గోడకి పెడదామనుకున్నాం" అంటుంటే ఏం చెప్పాలో తెలీలేదు.

తర్వాత కూర్చుని చదివితే తెలిసింది. టిఫ్ అనేది ఒక సంచి లాంటిది. సంచి మీద టిఫ్ అనే రాసి ఉంటుంది, లోపల ఏం ఉందన్నది వేరే సంగతి. 8 బిట్ ఉండొచ్చు, 16 ఉండొచ్చు, ఫ్లోటింగ్ పాయింట్ ఉండొచ్చు, కంప్రెషన్ ఉండొచ్చు, లేకపోవచ్చు, ఆ కంప్రెషన్లో కూడా చాలా రకాలు. 1992లో వచ్చిన టిఫ్ 6.0 రూల్స్ ప్రకారం ప్రతి సాఫ్ట్‌వేరూ తప్పనిసరిగా చదవాల్సినవి అందులో కొన్నే. డార్క్‌టేబుల్ వాడే కంప్రెషన్ జిప్ ఫైళ్లలో వాడే డిఫ్లేట్ రకం, అది ఆ తప్పనిసరి జాబితాలో లేదు. కాబట్టి పాత ప్రింటింగ్ సాఫ్ట్‌వేర్లు దాన్ని చదవలేకపోవచ్చు, చదవలేనప్పుడు "కరప్ట్" అనో "అన్‌సపోర్టెడ్" అనో ఒక ముక్క చూపించి ఊరుకుంటాయి. ఫైల్ తప్పు కాదు, ల్యాబ్ కుర్రాడి తప్పూ కాదు, అడక్కుండా పంపిన నాదే. చివరికి 8 బిట్ జేపెగ్, క్వాలిటీ 95, ఎస్ఆర్‌జీబీ ప్రొఫైల్ పెట్టి పంపాను. ఒక్క ఫైల్ కూడా తిరిగి రాలేదు. పదిహేను ఎంబీ కూడా లేని ఆ జేపెగ్‌లోంచి వచ్చిన పెద్ద ప్రింట్‌లో తలంబ్రాల గింజలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేట్టు ఉన్నాయి. ఆ ఫోటో ఇప్పటికీ వాళ్ల హాల్లోనే ఉంది.

అలాగని టిఫ్ వద్దని కాదు. మీ ఫోటో ఇంకో సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లి ఇంకా పని జరగాలంటే, అంటే స్కిన్ రీటచ్, బ్యాక్‌గ్రౌండ్ మార్చడం లాంటివి, అప్పుడు 16 బిట్ టిఫ్ పంపండి, కంప్రెషన్ తీసేసి పంపండి. 14 బిట్ రా లో ఒక్కో రంగుకి 16384 మెట్లు ఉంటాయి, 8 బిట్ జేపెగ్‌లో 256 మెట్లే. చూడటానికి, ప్రింట్‌కి 256 చాలు. కానీ ఆ 256 మెట్ల ఫైల్‌ని పట్టుకుని మళ్లీ బ్రైట్‌నెస్ లాగితే సాయంత్రం ఆకాశంలో గీతలు గీతలుగా చారలు పడతాయి. పని పూర్తయిన ఫోటో జేపెగ్, ఇంకా పని ఉన్న ఫోటో 16 బిట్ టిఫ్, నేను పాటించేది ఇదే. 32 బిట్ జోలికి మన పెళ్లి ఫోటోగ్రాఫర్లు వెళ్లాల్సిన పనే లేదు. జింప్ అనే ఉచిత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు మాత్రం వెర్షన్ చూసుకోండి, 2018లో వచ్చిన 2.10 నుంచే అది 16 బిట్‌ని సరిగ్గా తీసుకుంటుంది, పాతదైతే 8కి దించేస్తుంది.

ఇంకో రకం గొడవ పేరు మార్చడం వల్ల వస్తుంది, ఇది ఎంతమంది చేస్తారో చెప్పలేను. మా పక్కింటి అమ్మాయి ఉద్యోగం అప్లికేషన్‌కి ఫోటో అప్‌లోడ్ చేస్తుంటే సైట్ తీసుకోవట్లేదని నా దగ్గరికి వచ్చింది. "అన్నయ్యా జేపీజీనే కదా, పేరు చివర్న జేపీజీ అనే ఉంది" అంటుంది. చూడ్డానికి అలాగే ఉంది. నోట్‌ప్యాడ్‌లో ఓపెన్ చేసి చూశాం. ఇది ఎవరైనా చెయ్యొచ్చు, ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు, ఫైల్‌కి ఒక కాపీ తీసుకుని ఆ కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరవండి, సేవ్ మాత్రం చెయ్యకండి. అంతా పిచ్చి అక్షరాలే కనిపిస్తాయి గానీ మొదటి లైన్ మొదట్లో అసలు పేరు ఉంటుంది. నిజమైన జేపెగ్ అయితే మొదటి కొన్ని అక్షరాల్లోనే జేఎఫ్ఐఎఫ్ అనో ఎగ్జిఫ్ అనో ఉంటుంది. పీఎన్‌జీ అయితే ఆ మూడు ఇంగ్లీష్ అక్షరాలే ఉంటాయి. వెబ్‌పీ అయితే ఆర్ఐఎఫ్ఎఫ్ అని, కాస్త ముందుకెళ్తే వెబ్‌పీ అని. టిఫ్ అయితే పెద్ద ఐ అక్షరం రెండుసార్లు గానీ, పెద్ద ఎం రెండుసార్లు గానీ. ఆ అమ్మాయి ఫైల్‌లో పీఎన్‌జీ అని ఉంది. వాళ్ల తమ్ముడు ఎక్స్‌టెన్షన్ మాత్రం మార్చి ఇచ్చాడు. పేరు మార్చినంత మాత్రాన లోపలి సరుకు మారదు కదా. డార్క్‌టేబుల్‌లో వేసి జేపెగ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి సైజు తగ్గించి ఇస్తే ఒక్కసారికే తీసుకుంది.

ఇలాంటిదే ఒక ఫ్రెండ్ చేశాడు, ఎన్ఈఎఫ్ ఫైళ్లకి టిఫ్ అని పేరు మార్చి పంపాడు. విచిత్రం ఏంటంటే అవి ఓపెన్ అయ్యాయి కూడా, కానీ ఫోటో పోస్టల్ స్టాంప్ అంత వచ్చింది. ఎందుకంటే ఎన్ఈఎఫ్ లోపలి నిర్మాణం టిఫ్ మీదే ఆధారపడి ఉంటుంది, టిఫ్ అనుకుని తెరిచిన సాఫ్ట్‌వేర్‌కి అందులో ముందుగా దొరికింది 160 బై 120 పిక్సెళ్ల బుల్లి ప్రివ్యూ. అసలు ఫోటో దాకా అది వెళ్లలేదు. "డార్క్‌టేబుల్ నా ఫోటోల క్వాలిటీ పాడు చేసింది" అని వాడు నెల రోజులు తిరిగాడు, పాపం దానికీ దీనికీ సంబంధమే లేదు.

రంగుల సంగతికొద్దాం. పసుపు, కుంకుమ, పట్టుచీర ఎరుపు, మన పెళ్లిళ్లలో రంగు చెడిందంటే ఫోటో చెడినట్టే. ఎక్స్‌పోర్ట్ మాడ్యూల్ కింది భాగంలో ప్రొఫైల్ అని ఉంటుంది. అందులో ఎస్ఆర్‌జీబీ, అడోబ్ ఆర్‌జీబీ, లీనియర్ రెక్ 2020 ఇలా చాలా ఉంటాయి. ప్రొఫైల్ అంటే "ఈ ఫైల్‌లో ఉన్న అంకెల్ని ఏ రంగుగా అర్థం చేసుకోవాలి" అని చెప్పే తాళంచెవి. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి తెచ్చిన ఎస్ఆర్‌జీబీ చిన్న పరిధి, 1998 నాటి అడోబ్ ఆర్‌జీబీ అంతకంటే పెద్దది. పెద్దది కదా అని అడోబ్ ఆర్‌జీబీలో ఎక్స్‌పోర్ట్ చేసి పంపితే, ఆ తాళంచెవిని పట్టించుకోని సాఫ్ట్‌వేర్ ఆ అంకెల్ని ఎస్ఆర్‌జీబీ అనుకుని చూపిస్తుంది, దాంతో రంగులన్నీ నీళ్లు కలిపినట్టు పల్చబడతాయి. పసుపు రాసిన పాదాలు గంధం రాసినట్టు కనిపిస్తాయి. ఇంకా లీనియర్ అని పేరున్న ప్రొఫైల్ పొరపాటున ఎంచుకున్నారో, కొన్ని చోట్ల ఫోటో మొత్తం రాత్రి తీసినట్టు చీకటిగా వస్తుంది. ఫోన్లకి, వాట్సాప్‌కి, ఇన్‌స్టాకి, మామూలు ల్యాబ్‌కి, ఎస్ఆర్‌జీబీ పెట్టెయ్యండి. ల్యాబ్ వాళ్లు ప్రత్యేకంగా మా ప్రొఫైల్ ఇదీ అని ఫైల్ ఇస్తే అప్పుడు అది వాడుకోవచ్చు, డార్క్‌టేబుల్‌లో మన సొంత ప్రొఫైల్ ఫైల్ వేసుకునే వీలుంది.

ఎస్ఆర్‌జీబీ పెట్టినా కొన్నిసార్లు కుంకుమ ఎరుపు ఒకే ముద్దలా, మడతలు కనపడకుండా వస్తుంది. అది ఫార్మాట్ తప్పు కాదు, ఆ ఎరుపు ఎస్ఆర్‌జీబీ పరిధి దాటిపోయిందన్నమాట. ఎడిట్ చేసేటప్పుడే గ్యామట్ చెక్ (పరిధి దాటిన రంగుల్ని చూపించే ఆప్షన్) ఆన్ చేసి చూసుకుని ఆ రంగు సాచురేషన్ కొంచెం తగ్గిస్తే చీర మడతలు మళ్లీ కనిపిస్తాయి. ఎల్‌ఈడీ లైట్ల కింద తీసిన స్టేజ్ ఫోటోల్లో ఊదా రంగుకి కూడా ఇదే బాధ, అక్కడ ఇంకా ఎక్కువ.

ఇక నన్ను ఒకసారి బాగా ఏడిపించింది ఫైల్ పేరు. ఎక్స్‌పోర్ట్ చేసేచోట అదే పేరుతో ఫైల్ ముందే ఉంటే ఏం చెయ్యాలి అని ఒక ఆప్షన్ ఉంటుంది. కొత్త పేరు పెట్టు అనో, పాతదాని మీద రాసెయ్ అనో, వదిలెయ్ అనో మనం చెప్పాలి. నాది కొత్త పేరు పెట్టు అని ఉంది. ఒక ఫోటోలో పెళ్లికూతురు వెనకాల నిలబడ్డ ప్లాస్టిక్ కుర్చీ తీసెయ్యమన్నారు, తీసేశా, మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేశా, ఫోల్డర్ తెరిచి పంపేశా. కుర్చీ అలాగే ఉంది అన్నారు. మళ్లీ ఎడిట్ చూశా, తీసే ఉంది. మళ్లీ ఎక్స్‌పోర్ట్, మళ్లీ కుర్చీ. మూడోసారి గానీ గమనించలేదు, 0412 పక్కన 0412 అండర్‌స్కోర్ 01, దాని పక్కన 02 ఉన్నాయి. నేను పంపుతున్నది ప్రతిసారీ మొదటి పాత ఫైలే. అప్పట్నుంచి ప్రతి ఆర్డర్‌కీ తేదీతో కొత్త ఫోల్డర్ పెట్టి అందులోకే తీస్తున్నా, దిద్దుబాట్లు వస్తే ఇంకో ఫోల్డర్.

ఎక్స్‌పోర్ట్ మాడ్యూల్ పోయినసారి పెట్టిన సెట్టింగ్స్ గుర్తుపెట్టుకుంటుంది, ఇది వరమూ అదే, ప్రమాదమూ అదే. నిన్న ఇన్‌స్టా కోసం 1080 పిక్సెళ్లు పెట్టి ఉంటే, ఇవాళ ఆల్బమ్ ఫోటోలు కూడా 1080కే వస్తాయి. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర 1080 పిక్సెళ్లంటే మూడున్నర అంగుళాల ప్రింట్, అంతే. స్టైల్ (ముందే సేవ్ చేసి పెట్టుకున్న ఎడిట్ల సెట్) దగ్గర బ్లాక్ అండ్ వైట్ స్టైల్ ఏదైనా వదిలేసి, దాని కింద మోడ్ దగ్గర హిస్టరీ మార్చెయ్ అని ఉంటే మీ ఎడిట్లన్నీ పక్కన పెట్టి ఆ స్టైల్‌తోనే ఫోటోలన్నీ బయటికొస్తాయి. అసలు ఎడిట్లకి ఏమీ కాదు, ఎక్స్‌పోర్ట్ అయిన ఫైళ్లలోనే తేడా, కానీ 600 ఫోటోలు గంటసేపు తిరిగాక చూసుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

సైజ్ గురించి చాలామందికి ఉన్న ఒక అపోహ. డీపీఐ 72 ఉంది కాబట్టి క్వాలిటీ తక్కువ, 300 చేసి పంపు అంటారు. డీపీఐ ఫైల్‌లో రాసి ఉండే ఒక అంకె మాత్రమే, పిక్సెళ్లు మారకుండా ఆ అంకె మార్చినందువల్ల ఫోటోలో ఒక్క చుక్క కూడా పెరగదు. నా 6016 పిక్సెళ్ల ఫోటో 300 దగ్గర 20 అంగుళాల వెడల్పు దాకా నికార్సుగా వస్తుంది. మన 12 బై 36 ఆల్బమ్ షీట్ పూర్తిగా నింపాలంటే 10800 పిక్సెళ్ల వెడల్పు కావాలి, ఒక్క ఫోటోతో అంత రాదు, పెద్దది చెయ్యాల్సిందే. డార్క్‌టేబుల్‌లో అప్‌స్కేలింగ్ ఒప్పుకోమని మనం చెప్పకపోతే మీరు 10800 అని రాసినా అది 6016 దగ్గరే ఆగిపోతుంది. "సైజ్ ఇచ్చినా పెరగట్లేదు" అనేవాళ్లు అది చూసుకోండి. కొలత పిక్సెళ్లలోనే కాకుండా అంగుళాల్లో, సెంటీమీటర్లలో కూడా ఇవ్వొచ్చు, ఫ్రేమ్ కట్టేవాళ్లతో మాట్లాడేటప్పుడు నాకు ఇది చాలా నచ్చింది.

చిన్నగా ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడు షార్ప్‌నెస్, నాయిస్ ఎడిటింగ్ స్క్రీన్‌లో చూసినదానికి తేడాగా వస్తే, హై క్వాలిటీ రీశాంప్లింగ్ ఆన్ చెయ్యండి. టైమ్ కాస్త ఎక్కువ పడుతుంది, ఫోటో పూర్తి సైజులో తయారై ఆ తర్వాత చిన్నదవుతుంది కాబట్టి. నేనైతే ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచుతా.

వెబ్‌పీ, ఏవిఫ్, జేపెగ్ ఎక్స్ఎల్ కూడా ఇస్తుంది. వెబ్‌సైట్ ఉన్నవాళ్లకి మొదటి రెండూ మంచివే, ఫైల్ చిన్నగా వస్తుంది. కస్టమర్‌కి మాత్రం ఇవ్వకండి, పెద్దాయన టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టి చూసుకుందామంటే కనపడదు, మళ్లీ మీకే ఫోన్.

ఒక్క విషయం ప్రత్యేకంగా చెప్పాలి, ఎక్స్‌పోర్ట్‌లో మెటాడేటా ప్రిఫరెన్సెస్ అని ఉంటుంది. ఫోటో ఎక్కడ తీశారన్న లొకేషన్ వివరం ఫైల్‌తో పాటు వెళ్లాలా వద్దా అన్నది అక్కడ పెట్టుకోవచ్చు. ఇళ్లల్లో తీసిన ఫంక్షన్లు, చిన్నపిల్లల ఫోటోలు నెట్‌లో పెట్టేముందు నేను అది తీసేస్తా. ఫోటోతో పాటు ఇంటి అడ్రస్ ఇచ్చినట్టు అవ్వకూడదు కదా.

ఇప్పుడు ఇబ్బందులు కూడా చెప్పాలి, లేకపోతే రివ్యూ ఎలా అవుతుంది. నేర్చుకోవడం తేలిక కాదు. మొదటి నెల నాకు చాలా విసుగొచ్చింది, మాడ్యూళ్లు బోలెడు, ఒకే పనికి నాలుగు దారులు, పేర్లన్నీ ఇంజినీర్లు పెట్టినట్టుంటాయి. పెళ్లి రేపు పెట్టుకుని ఇవాళ ఇన్‌స్టాల్ చేస్తే మాత్రం ఇబ్బంది పడతారు, ఖాళీ నెలల్లో మొదలుపెట్టండి. పాత ల్యాప్‌టాప్‌లో నిదానంగా నడుస్తుంది. గ్రాఫిక్స్ కార్డ్ ఉంటే ఓపెన్‌సీఎల్ అనే దాని ద్వారా చాలా వేగంగా ఎక్స్‌పోర్ట్ చేస్తుంది, కాకపోతే కార్డ్ డ్రైవర్ సరిగ్గా లేకపోతే ఎక్స్‌పోర్ట్ అయిన ఫోటో నల్లగానో, వింత రంగుల గళ్లతోనో వచ్చే అవకాశం ఉంది. అలా వస్తే ఫార్మాట్ మార్చి మార్చి చూడకండి, ప్రిఫరెన్సెస్‌లో ఓపెన్‌సీఎల్ ఆపేసి అదే ఫోటో మళ్లీ తియ్యండి, బాగా వస్తే డ్రైవర్ అప్‌డేట్ చేసుకోవాలని అర్థం. ఫోన్‌లో వాడుకునే వెర్షన్ లేదు. ఆల్బమ్ డిజైనింగ్ దీంతో అవ్వదు, అది దీని పని కూడా కాదు.

కానీ ఎక్స్‌పోర్ట్ విషయంలో నాకు దీని మీద పూర్తి నమ్మకం కుదిరింది. మనం ఏం చెప్పామో అదే చేస్తుంది, వెనకాల తనంతట తాను ఏదీ మార్చదు. నాకు తగిలిన ప్రతి దెబ్బా నేను పెట్టిన సెట్టింగ్ దగ్గరే తేలింది, ఆ సెట్టింగ్ స్క్రీన్ మీద కళ్లెదురుగానే ఉంది. ఎక్స్‌పోర్ట్ సెట్టింగ్స్‌ని ప్రీసెట్లుగా సేవ్ చేసుకోవచ్చు, నా దగ్గర మూడున్నాయి. ల్యాబ్ అని ఒకటి, జేపెగ్ 95, ఎస్ఆర్‌జీబీ, పూర్తి సైజు. డిజైనర్ అని ఒకటి, 16 బిట్ టిఫ్, కంప్రెషన్ లేకుండా. ఫోన్ అని ఒకటి, వెడల్పు 2048, లొకేషన్ తీసేసి. ప్రతిసారీ వీటిల్లో ఒకటి నొక్కాకే ఎక్స్‌పోర్ట్ కొడతా, నిన్నటి సెట్టింగ్ ఏముందో గుర్తుపెట్టుకునే పని లేకుండా. వాట్సాప్‌లో పంపేటప్పుడు కూడా ఫోటోలాగా కాకుండా డాక్యుమెంట్ అని పంపిస్తా, లేకపోతే ఇంత కష్టపడి తీసిన ఫైల్‌ని అది మళ్లీ నొక్కేస్తుంది.

కొత్త ల్యాబ్‌తో పని మొదలుపెట్టేముందు ముందుగా ఒకే ఒక్క ఫోటో పంపి, ప్రింట్ తీయించుకుని, దాన్ని స్క్రీన్ పక్కన పెట్టి చూసుకుని, ఆ తర్వాతే మిగతావి పంపుతున్నా. డౌన్‌లోడ్ చేసుకునేవాళ్లు డార్క్‌టేబుల్ సొంత సైట్ నుంచే తీసుకోండి. మీది కొత్త మోడల్ కెమెరా అయితే అక్కడే సపోర్ట్ ఉన్న కెమెరాల లిస్ట్ ఉంటుంది, మీ మోడల్‌తో పాటు మీరు తీసే రా కంప్రెషన్ రకం కూడా చూసుకోండి. నాకు ఐదుకి నాలుగున్నర, ఆ అర తీసేసింది మొదటి నెల కోసం.